షాట్‌గన్ ముందు బీడ్ (గురి చూసే చిన్న గుండు) విరిగింది, కాడ రిబ్‌లోనే ఉండిపోయింది. ఇంట్లో తీయొచ్చా?

జొన్నచేను:
12 గేజ్ పంప్, 28 అంగుళాల బ్యారెల్, వెంట్ రిబ్ (బ్యారెల్ పైన పొడవునా ఉండే సందుల పట్టీ). మొన్న లీజు పొలంలో ఇనుప గేటు గాలికి విసురుగా వచ్చి బ్యారెల్ మూతికి తగిలింది. బ్యారెల్‌కి సొట్ట లేదు, రిబ్ వంగలేదు, బీడ్ గుండు మాత్రం ఎగిరిపోయింది. దాని మరలున్న కాడ రంధ్రంలోనే ఇరుక్కుంది, సరిగ్గా రిబ్ పైభాగంతో సమానంగా. వేలుతో తడిమితే తెలుస్తుంది గానీ పట్టుకోవడానికి ఏమీ లేదు.

సెప్టెంబర్ 1న టెక్సస్‌లో మా వైపు గువ్వల సీజన్ మొదలు. జొన్న కోతలు అయిపోయాయి, పొలం నిండా గువ్వలే. ఊళ్ళో ఉన్న గన్‌స్మిత్ మూడు వారాలు ఆగమంటున్నాడు. మినుముగింజంత ఇత్తడి ముక్క కోసం మూడు వారాలా!

అడిగేది రెండే. కాడ ఇంట్లో తీయొచ్చా? కొత్త బీడ్ ఏ సైజు కొనాలి? కంపెనీ పేరు చూసి కొందామంటే సెకండ్ హ్యాండ్ గన్, బ్యారెల్ ఎవరో మధ్యలో మార్చారు.

కరీంనగర్_కాకా:
తమ్మీ, గువ్వలకు బీడ్ ఎందుకే? గట్లనే పో. కన్ను పిట్ట మీద ఉండాలె గని బీడ్ మీద గాదు. బీడ్ దిక్కు చూసినవా, బ్యారెల్ ఆగుతది. బ్యారెల్ ఆగిందా, గుండ్లన్ని పిట్ట తోక ఎనకకెల్లి వోతయ్. నేనైతె బీడ్ లేని గన్‌తోనే కొడుతున్న, ఏం ఫరక్ వడలే.

మిన్నెసోటా_అమ్మాయి:
కాకా మాట ఎగిరే పిట్టల వరకు నూటికి నూరు పాళ్ళు నిజం. ఫెజంట్ లేచినప్పుడు నా బీడ్ తెల్లదో పచ్చదో కూడా చూడను. కానీ అదే గన్‌తో టర్కీ కోడి తల మీద ఫుల్ చోక్ (గుండ్లు చెదరకుండా మూతిని సన్నం చేసే గొట్టం) పెట్టి కొట్టాలన్నా, స్లగ్‌తో (ఒకే పెద్ద గుండు) జింకను కొట్టాలన్నా అక్కడ గురి పెట్టాల్సిందే. బీడ్ లేకపోతే కుదరదు. జొన్నచేను గారూ, మీది ఒక్క గువ్వలకేనా?

జొన్నచేను:
లేదు అక్కా, వసంతంలో టర్కీకి కూడా ఇదే గన్. అందుకే బాగు చేయించాలనే ఉంది.

ఓక్లహోమా_గోదారోడు:
ఇంత ఆలోచన ఎందుకండీ. ప్రొపేన్ టార్చ్ తెచ్చి మూతి దగ్గర కాసేపు కాల్చండి. లోపల లాక్‌టైట్ (మరలను పట్టి ఉంచే జిగురు) ఉంటే మెత్తబడిపోద్ది, కాడ దానంతటదే ఊడొచ్చేత్తాది. మా షెడ్డులో ట్రాక్టర్ బోల్టులన్నీ అలాగే తీత్తాం.

లేత్_మాస్టర్:
గోదారోడు గారూ, ట్రాక్టర్ బోల్టుకి సరే, షాట్‌గన్ మూతి దగ్గర టార్చ్ వద్దండీ. బ్లూయింగ్ (ఉక్కు మీది నల్లని పూత) రంగు మారిపోతుంది, అది ఒక నష్టం. అసలు ప్రమాదం రిబ్‌ది. చాలా గన్‌లలో, ముఖ్యంగా డబుల్ బ్యారెల్స్‌లో, రిబ్‌ను మెత్తని టంకంతో అతికిస్తారు. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలెడుతుంది. ఎర్ర లాక్‌టైట్ వదలాలంటే సుమారు 250 దాకా వెళ్ళాలి. అంటే జిగురు వదిలే లోపే రిబ్ లేచిపోతుంది. మీ రిబ్ ఎలా అతికించారో తెలియనప్పుడు మంట జోలికి పోకండి.

నేను మెషిన్ షాపులో పనిచేస్తా. ఇలాంటి కాడలు తీసే పని తరచూ వస్తుంది. నేను చేసే వరస చెప్తా.

ముందు ఛాంబర్ (తూటా కూర్చునే గది), మ్యాగజైన్ (మిగతా తూటాల గొట్టం) రెండూ ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోండి. తర్వాత మ్యాగజైన్ క్యాప్ విప్పి బ్యారెల్ విడిగా తీసేయండి. మిగతా గన్‌ను సేఫ్‌లో పెట్టి తాళం వేయండి. పని మొత్తం బ్యారెల్ మీదే.

చోక్ స్క్రూ టైపు అయితే పాత చోక్ ఒకటి బిగించి ఉంచండి. బీడ్ రంధ్రం సరిగ్గా చోక్ మరల పైనే ఉంటుంది. డ్రిల్ కాస్త లోతుకి దిగిందంటే రిబ్ దాటి, గోడ దాటి చోక్ మరలు పాడవుతాయి. ఈ రిపేర్‌లో బ్యారెల్ పనికిరాకుండా పోయేది ఇక్కడే.

పెనెట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి దిగే నూనె) ఒక చుక్క కాడ అంచున వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పదునైన సూది మొన ఉన్న స్క్రైబర్ తీసుకుని, కాడ మధ్యలో కాకుండా అంచు దగ్గర ఆనించి, గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా చిన్నగా తట్టండి. ఇత్తడి మెత్తన, స్క్రైబర్ మొన అందులో కరుస్తుంది. దెబ్బకి విరిగిన కాడలో బిగుతు ఏమీ మిగలదు, తల ఊడగానే లాగి పట్టిన ఒత్తిడి పోతుంది. అందుకే సగం కేసుల్లో ఇంతటితోనే తిరిగి బయటికి వచ్చేస్తుంది.

రాకపోతేనే డ్రిల్. ఎడమచేతి వాటం బిట్, అంటే ఎదురు దిశలో తిరిగేది, కావాలి. కాడ మధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టండి. కాడ వెడల్పులో సగానికి మించని బిట్ వాడండి. ఇత్తడికి మామూలు బిట్ పెడితే గభాల్న కరిచి లోపలికి లాక్కుపోతుంది. బిట్ అంచుని నూనె రాయి మీద ఒకటి రెండు సార్లు రుద్ది ఆ పదును చంపేయండి, అప్పుడు కరవదు, గీరుకుంటూ దిగుతుంది. డ్రిల్ ప్రెస్ ఉంటేనే ఈ పని, చేతి డ్రిల్‌తో వద్దు. చాలాసార్లు బిట్ తిరుగుతుండగానే కాడ దాంతో పాటే బయటికి వచ్చేస్తుంది.

బాతులవేట:
డ్రెమెల్‌తో (చిన్న కోత మెషిన్) కాడ మీద చిన్న గాడి కోసి స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే పోలా? యూట్యూబ్‌లో అందరూ అదే చేస్తున్నారు.

లేత్_మాస్టర్:
కాడ పైకి పొడుచుకొని ఉంటే అదే మంచి పద్ధతి. ఇక్కడ రిబ్‌తో సమానంగా ఉందంటున్నారు. డిస్క్ గుండ్రన, గాడి కోయాలంటే రెండు పక్కలా రిబ్ కూడా తెగుతుంది. ఆ గీతలు జన్మలో పోవు.

కరీంనగర్_కాకా:
గీ మాస్టర్ చెప్పింది పక్కా ఉంది. గని నా మాట మీదనే నేనున్న, గువ్వలకైతె అక్కర్లే.

హ్యూస్టన్_అక్క:
కాకా, మీరు బీడ్ లేకుండా కొట్టేది మీ గన్ మీ ఒంటికి సరిపోయింది కాబట్టి. బుగ్గ స్టాక్‌కి ఆనగానే కన్ను రిబ్ మధ్యలోకి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ అలవాటు ఉండదు. గన్ ఖాళీ చేసి, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తి, తర్వాత కళ్ళు తెరిచి చూసినప్పుడు బీడ్ ఎక్కడుంది అన్నదే వాళ్ళకి గుర్తు. బీడ్ పక్కకి కనిపిస్తే స్టాక్ సరిపోలేదని అర్థం. మా అమ్మాయికి నేర్పేటప్పుడు దీనితోనే మొదలుపెట్టా. నడిమి బీడ్ కూడా ఉంటే ఇంకా సులువు, రెండూ ఒకదానిమీద ఒకటి 8 అంకెలా కనిపిస్తే తల సరైన చోట ఉన్నట్టు.

కరీంనగర్_కాకా:
అక్కా, గది ఒప్పుకుంట. నేర్చుకునేటోళ్ళకు కావాలె.

కొత్తగా_వచ్చా:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నేను హెచ్-1బి మీద ఉన్నా. మా టీమ్ వాళ్ళు గువ్వల వేటకి రమ్మంటున్నారు. గన్ ముట్టుకోవచ్చా అసలు?

వేదిక_నిర్వాహకుడు:
ఇది ముఖ్యమైన ప్రశ్న కాబట్టి ఇక్కడే జవాబు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అందుకని ముందు లైసెన్స్, తర్వాతే గన్. స్నేహితుడిది ఒక్క నిమిషం పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కూడా పూర్తి చేయాలి. వీసా విషయం కాబట్టి లాయర్‌ని ఒకసారి అడిగి వెళ్ళండి. దీని మీద ఇంకా మాట్లాడాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి.

కొత్తగా_వచ్చా:
చాలా థాంక్స్ అండీ. ఈసారి లైసెన్స్ వచ్చేదాకా ఊరికే చూడ్డానికి వెళ్తా.

జొన్నచేను:
మాస్టర్ గారూ, వచ్చేసింది! డ్రిల్ దాకా పోలేదు. నూనె వేసి వదిలేశా, పొద్దున స్క్రైబర్‌తో అంచున తడుతుంటే ముందు కదల్లేదు. చోటు మార్చి ఇంకో అంచున తట్టా, చిన్న మెరుపు గీతలా ఇత్తడి కదలడం కనపడింది. తర్వాత స్క్రైబర్ ఆనించి తిప్పితే పైకి లేచింది. ముక్క చేతిలో ఉంది, తెల్ల పొడిలా ఏదో అంటుకొని ఉంది. ఇప్పుడు సైజు ఎలా తెలుసుకోవాలి?

లేత్_మాస్టర్:
ఆ తెల్ల పొడి ఎండిన థ్రెడ్ లాకర్, లాక్‌టైట్ లాంటి జిగురే. ముక్కను పారేయకండి, అదే మీ కొలబద్ద.

డిజిటల్ కాలిపర్‌తో మరల బయటి వ్యాసం కొలవండి. అమెరికన్ గన్‌లలో ఎక్కువగా దొరికేవి మూడు. 3-56 (మొదటిది స్క్రూ నంబర్, రెండోది అంగుళానికి మరల సంఖ్య) అయితే 2.5 మిల్లీమీటర్లు. 5-40 అయితే 3.2. 6-48 అయితే 3.5. ఇటలీ గన్‌లలో మెట్రిక్ ఉంటాయి, ఎం2.6, ఎం3 లాంటివి. చూశారుగా, 3 మిల్లీమీటర్ల మెట్రిక్‌కీ, 5-40కీ తేడా వెంట్రుకంత. ఒకదాని బదులు ఇంకొకటి బలవంతంగా తిప్పితే మొదటి ఒకటిన్నర చుట్టు ఎక్కుతుంది, తర్వాత రిబ్ మరలు చెరిగిపోతాయి. కాబట్టి వ్యాసం ఒక్కటే సరిపోదు, మరల దూరం కూడా చూడాలి. థ్రెడ్ గేజ్ లేకపోతే హార్డ్‌వేర్ షాపులో అదే సైజు స్క్రూ తెచ్చి మర మీద మర ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టండి. సందుల్లోంచి వెలుతురు రాకపోతే అదే.

జొన్నచేను:
3.48 చూపిస్తోంది. గేజ్ మీద 48 సరిగ్గా కూర్చుంది.

లేత్_మాస్టర్:
6-48. ఏ గన్ సామాన్ల షాపులోనైనా దొరుకుతుంది, కొద్ది డాలర్లే.

బాతులవేట:
బీడ్ కొనేటప్పుడే ఫైబర్ ఆప్టిక్ తీసుకోండి భయ్యా. బాతుల వేటలో తెల్లారకముందే, సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కొట్టొచ్చు కదా, ఆ మసకలో ఇత్తడి బీడ్ అసలు కనపడదు. నాది పచ్చ ఫైబర్, ఆ వెలుతురులోనూ మెరుస్తూ ఉంటుంది.

మిన్నెసోటా_అమ్మాయి:
అదే దాని చిక్కు కూడా. అంత మెరిసేది కంటి ముందు పెడితే కన్ను పిట్టని వదిలేసి దాని మీదకి పోతుంది. టర్కీకి ఫైబర్ బంగారం, గువ్వలకి శత్రువు. మామూలు తెల్ల బీడ్ పెట్టుకుంటే రెండింటికీ సరిపోతుంది. మసకలో ఇత్తడి కంటే తెల్లది చాలా నయం. పాత రోజుల్లో డబుల్ బ్యారెల్స్‌కి దంతపు బీడ్ పెట్టేవాళ్ళు అందుకే.

హ్యూస్టన్_అక్క:
ఒక్క విషయంలో ఫైబర్‌కి నా ఓటు. కుడి భుజానికి గన్ పెట్టి ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్ళకి, గొట్టంలో లోతుగా కూర్చున్న ఫైబర్ రకం ఉంది. నేరుగా వెనక ఉన్న కన్నుకే అది వెలుగుతుంది, పక్క కన్నుకి కనపడదు. ఏ కన్ను గురి చూస్తోందో వెంటనే తెలిసిపోతుంది. మా అమ్మాయికి ఎడమ కన్ను బలం, ఈ బీడ్ వేశాకే కుదిరింది.

ఓక్లహోమా_గోదారోడు:
సీజన్ ఓపెనింగ్‌కి బీడ్ రాకపోతే అయస్కాంతం సైట్ ఒకటి దొరుకుద్ది, రిబ్ వెడల్పు కొలిచి కొనుక్కుంటే టక్కున అతుక్కుంటాది. స్టీల్ రిబ్‌కే సుమా. అదీ లేకపోతే ఇంట్లో ఆడవాళ్ళ తెల్ల నెయిల్ పాలిష్ ఒక చుక్క మూతి దగ్గర రిబ్ మీద పెట్టండి. అసిటోన్‌తో తుడిస్తే పోద్ది. అడిగి తీసుకోండి, లేకపోతే బీడ్ కంటే ఖరీదైన సీసా కొనాల్సొస్తాది.

జొన్నచేను:
తెల్లదే ఆర్డర్ పెట్టా. బిగించేటప్పుడు ఏం చూడాలి? అంటుకుపోయేలా ఎపాక్సీ పెట్టమని ఒకాయన అంటున్నాడు.

లేత్_మాస్టర్:
మరలు బాగున్నప్పుడు ఎపాక్సీ వద్దు. మళ్ళీ ఎప్పుడైనా విరిగితే మొత్తం డ్రిల్ చేసి తీయాలి. మరలు చెరిగిపోయి బీడ్ ఊగుతుంటేనే ఎపాక్సీ, లేదా రంధ్రం పెంచి పెద్ద సైజు ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) కొట్టడం. 3-56 చెరిగితే 5-40కి, 5-40 చెరిగితే 6-48కి వెళ్ళొచ్చు, రిబ్ వెడల్పు, రంధ్రం లోతు ఒప్పుకుంటే.

మీకు ఆ అవసరం లేదు. 6-48 బాటమింగ్ ట్యాప్ దొరికితే చేత్తోనే, నూనె వేసి, పాత మరల వెంట ఒకసారి తిప్పి మురికి తీయండి. బాటమింగ్ అనే అడగండి, రంధ్రం మూసుకొని ఉంటుంది కాబట్టి మొన సన్నగా ఉన్న ట్యాప్ అడుగుదాకా మర కోయదు. తర్వాత అసిటోన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నూనె మిగిలితే లాకర్ పట్టదు.

ఇప్పుడు పొడవు. లాకర్ లేకుండా ముందు ఉత్తినే బిగించి చూడండి. బీడ్ అడుగు రిబ్‌ని తాకకముందే కాడ ఆగిపోతే పొడవు ఎక్కువైనట్టు. ఇంకా తిప్పకండి, కింద బ్యారెల్‌కి ఆనుకుని రిబ్‌ని పైకి నెడుతుంది. రిబ్ లేని మామూలు బ్యారెల్ అయితే ఇంకా ప్రమాదం, అక్కడ రంధ్రం గోడ లోపలిదాకా ఉండొచ్చు. కాడ కొస బోర్‌లోకి (గొట్టం లోపలికి) పొడుచుకొస్తే గుండ్లు దానికి తగులుతాయి. మూతి వైపు నుంచి లైటు వేసి చూడండి.

పొడవు తగ్గించాలంటే కాడకి ముందుగా 6-48 నట్టు ఎక్కించి, కొసని ఆకురాయితో అరగదీసి, తర్వాత నట్టు విప్పండి. నట్టు బయటికి వస్తూ చెదిరిన మరలను సరిచేస్తుంది.

లాకర్ ఊదా రంగు 222 తీసుకోండి, చిన్న స్క్రూలకి అదే. నీలం 242 కూడా సరే. ఎర్రది వద్దు. పుల్ల కొనతో అంటీ అంటనట్టు ఒక చుక్క. బీడ్‌ని పట్టకారుతో పట్టుకుంటే నలిగి పోతుంది, తోలు ముక్క చుట్టి వేళ్ళతోనో, పిన్ వైస్‌తోనో (చేత్తో పట్టుకునే చిన్న బిగింపు) తిప్పండి.

చిత్తూరు12బోర్:
మా తాత డబుల్ బ్యారెల్ 12 బోర్ మా నాయన లైసెన్స్ మీద ఉండాది. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసి వెనక్కి తెచ్చుకున్నాక చూస్తే బీడ్ లేదు, రంధ్రం మాత్రం ఉండాది. ఊర్లో కంసాలి టంకం పెట్టి చిన్న ఇత్తడి గుండు అతికిస్తానంటున్నాడు. పెట్టించుకోవచ్చునా? అడవిపంది కొట్టేదానికి కాదులే, ఊరికే ఇంట్లో ఉండేదే.

లేత్_మాస్టర్:
రెండు కారణాలతో వద్దు అన్నా. ఒకటి, మీది టంకం రిబ్ అయ్యే అవకాశమే ఎక్కువ, పైన చెప్పిన వేడి గొడవ పూర్తిగా మీకే వర్తిస్తుంది. రెండు, భారత్‌లో తుపాకి రిపేర్‌కి కూడా లైసెన్స్ కావాలి, ఆయుధాల చట్టం 1959 అదే చెప్తుంది. లైసెన్స్ ఉన్న డీలర్ వర్క్‌షాపుకే ఇవ్వండి, మీ నాయన గారే లైసెన్స్ పుస్తకంతో వెళ్ళాలి, రసీదు తీసుకోవాలి.

ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయించండి. బ్యారెల్స్‌ని విడదీసి, కింది కొక్కేనికి తాడు కట్టి వేలాడదీసి, వేలి కణుపుతో తట్టాలి. రిబ్ గట్టిగా ఉంటే గుడి గంటలా మోగుతుంది. చిల్లిన కుండ చప్పుడు వస్తే రిబ్ ఎక్కడో లేచింది, బీడ్ కంటే ముందు అది చూడాలి.

చిత్తూరు12బోర్:
సరేనన్నా, డీలర్ దగ్గరికే పోతాం. కంసాలికి చెప్పేస్తా.

బాతులవేట:
బీడ్ మారిస్తే గురి మారదా? కొత్తది పాతదానికంటే ఎత్తుగా ఉంటే?

మిన్నెసోటా_అమ్మాయి:
మారుతుంది, కానీ భయపడేంత కాదు. కంటి నుంచి బీడ్‌కి గజం అనుకుందాం. 40 గజాల దూరంలో తేడా 40 రెట్లు అవుతుంది. బీడ్ ఒక మిల్లీమీటర్ ఎత్తు పెరిగితే దెబ్బ 4 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 40 గజాల్లో మనం చూసే ప్యాటర్న్ (గుండ్లు చెదిరి పడే తీరు) వలయమే 30 అంగుళాలు, అంటే 76 సెంటీమీటర్లు. గువ్వకి లెక్కలోకే రాదు. స్లగ్‌కైతే 4 సెంటీమీటర్లు లెక్కే. టర్కీకి ఆ చోక్‌తో, ఆ తూటాతోనే పెద్ద కాగితం మీద కొట్టి చూసుకోండి.

కరీంనగర్_కాకా:
గీ లెక్క మంచిగ చెప్పినవ్ బిడ్డా. నేను గిన్నేండ్లు ఉత్త అందాజ మీదనే చెప్తున్న అందరికి.

జొన్నచేను:
తెల్ల బీడ్ వచ్చింది, బిగించేశా. కాడ కొంచెం పొడవైంది, రిబ్‌కి బీడ్‌కి మధ్య కాగితం దూరేంత సందు ఉండింది. నట్టు ఎక్కించి అరగదీశాక సరిగ్గా కూర్చుంది. 222 పెట్టి ఒక రోజు ముట్టుకోకుండా వదిలేశా. ప్యాటర్న్ కాగితం మీద 25 గజాల్లో, 40 గజాల్లో కొట్టి చూశా, ముందులాగే నడిమిలో పడుతోంది. మ్యాగజైన్ ప్లగ్ (ఎక్కువ తూటాలు పట్టకుండా లోపల పెట్టే అడ్డు) కూడా మళ్ళీ చూసుకున్నా, మూడు తూటాలే పడుతున్నాయి.

హ్యూస్టన్_అక్క:
ప్లగ్ గుర్తు చేసినందుకు సంతోషం. వలస పక్షుల వేటలో వార్డెన్లు ముందు చూసేది అదే.

ఓక్లహోమా_గోదారోడు:
మాస్టర్ గారూ, నా దగ్గర 20 గేజ్ ఓవర్ అండర్ (ఒకదానిమీద ఒకటి రెండు బ్యారెల్స్) ఉంది, నడిమి బీడ్ ఊడిపోయింది. దానికీ 6-48యేనా?

లేత్_మాస్టర్:
నడిమి బీడ్ ఎక్కువగా ముందుదానికంటే చిన్నది ఉంటుంది, 3-56 అయ్యే అవకాశం ఉంది. కానీ నా మాట నమ్మి కొనకండి, కొలిచి కొనండి. ఊడిన బీడ్ దొరక్కపోతే రంధ్రంలో 3-56 స్క్రూ వేళ్ళతో మాత్రమే తిప్పి చూడండి. రెండు చుట్లు ఊగకుండా హాయిగా తిరిగితే అదే. బిగుసుకుంటే వెంటనే ఆపి వెనక్కి తీయండి, వేరే సైజు అయి ఉంటుంది. టార్చ్ మాత్రం షెడ్డులోనే ఉంచండి.